దాయాదుల క్రికెట్‌కు తాళం చెవి ఎవరి దగ్గరుంది?

2025 సెప్టెంబర్ 28 రాత్రి దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ 146 పరుగులకు ఆలౌటైంది. మనవాళ్లు 20 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకుని టెన్షన్ పెడితే, హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 నాటౌట్‌తో గట్టెక్కించాడు. టోర్నీ గెలిచారు గానీ కప్పు మాత్రం చేతికి రాలేదు. ఆసియా క్రికెట్ కౌన్సిల్ అధ్యక్షుడిగా దాన్ని ఇవ్వాల్సిన మొహ్సిన్ నఖ్వీయే పాకిస్తాన్ బోర్డుకు చైర్మన్, ఆ దేశానికి హోంమంత్రి కూడా. ఆయన చేతుల మీదుగా తీసుకోబోమని మన జట్టు తేల్చి చెప్పింది. లేని కప్పును ఎత్తినట్టు నటించి ఫొటోలు దిగారు. ఆ టోర్నీలో రెండు జట్లు మూడుసార్లు తలపడ్డాయి, ఒక్కసారీ చేతులు కలపలేదు.

ఇది చూసినవాళ్లకు ఎవరికైనా ఈ పగ మొదటి నుంచీ ఇంతేనేమో అనిపిస్తుంది. కాదు. 1999లో కార్గిల్ కొండల మీద కాల్పులు జరుగుతుండగానే మాంచెస్టర్‌లో ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది, ఆటయ్యాక ఆటగాళ్లు చేతులు కూడా కలుపుకున్నారు. మరి అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? నన్నడిగితే, ఈ పోటీని పరుగులు, వికెట్ల లెక్కన చదివితే సగమే అర్థమవుతుంది. ఎప్పుడు ఆడారు, ఎప్పుడు మానేశారు, మానేయమన్నది ఎవరు, ఆడితే ఎవరి గడ్డ మీద ఆడారు అన్న లెక్కన చదివితే మిగతా సగం తెలుస్తుంది.

మొదలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1952లో పాకిస్తాన్‌కు టెస్ట్ హోదా దక్కడంలో మన బోర్డు మద్దతు ఉంది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో పాకిస్తాన్ తన మొట్టమొదటి టెస్ట్ ఆడింది. దాని కెప్టెన్ అబ్దుల్ హఫీజ్ కర్దార్ అంతకు ఆరేళ్ల ముందే, 1946లో, భారత జట్టులో ఇంగ్లండ్ వెళ్లి టెస్టులు ఆడినవాడు. ఆ జట్టులోని అమీర్ ఇలాహీ కూడా 1947లో ఆస్ట్రేలియాలో మనకు ఆడినవాడే. మన కెప్టెన్ లాలా అమర్‌నాథ్ పెరిగింది లాహోర్‌లో. ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు రెండు డ్రెస్సింగ్ రూముల్లోకి విడిపోయారు, అంతే తేడా.

ఆ ఢిల్లీ టెస్టులో మన హైదరాబాద్ చెయ్యి కూడా ఉంది. భారత్ 263కి తొమ్మిది వికెట్లు కోల్పోయింది. అక్కడ హేమూ అధికారికి తోడుగా చివరి బ్యాట్స్‌మన్‌గా దిగిన హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ సరిగ్గా 50 కొట్టాడు. ఇద్దరూ చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించారు. ఆ రికార్డు 2004లో సచిన్, జహీర్ ఖాన్ కలిసి చెరిపేదాకా భారత క్రికెట్‌లో చెక్కుచెదరలేదు. తర్వాత వినూ మన్కడ్ రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 13 వికెట్లు తీసి ఇన్నింగ్స్ 70 పరుగుల తేడాతో మ్యాచ్ ముగించాడు. వారం తిరిగేసరికి లక్నోలో లెక్క తిరగబడింది. పిచ్ మీద పరిచిన చాప మీద ఫజల్ మహమూద్ 12 వికెట్లు తీశాడు, పాకిస్తాన్ తన రెండో టెస్టులోనే ఇన్నింగ్స్ తేడాతో నెగ్గింది. సిరీస్ 2-1తో మనదే గానీ, ఇది మాకు తేలికైన జట్టు అన్న భ్రమ లక్నోలోనే పోయింది.

ఆ భ్రమ పోయాక వచ్చింది భయం. ఆ సిరీస్‌లోని చివరి రెండు టెస్టులు డ్రా. 1954-55లో మనవాళ్లు పాకిస్తాన్ వెళ్లి ఆడిన ఐదూ డ్రా. 1960-61లో వాళ్లు ఇక్కడికొచ్చి ఆడిన ఐదూ డ్రా. 1978లో మళ్లీ మొదలైనప్పుడు ఫైసలాబాద్‌లోనూ డ్రాయే. వరుసగా పదమూడు! ఢాకా, బహావల్‌పూర్, లాహోర్, పెషావర్, కరాచీల్లో జరిగిన 1954-55 టెస్టులు నాలుగు రోజులవే కనుక కొంత సాకు ఉంది. 1960-61కి ఆ సాకు కూడా లేదు. ఓడిపోయి ఇంటికి వెళ్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలన్న బెంగతో రెండు జట్లూ గెలవడానికి కాకుండా ఓడకుండా ఉండడానికి ఆడాయి. విసుగు పుట్టించిన క్రికెట్ అది. అయితే అదే కాలంలో, 1955 జనవరి చివర లాహోర్ టెస్టుకు సరిహద్దు తెరిస్తే వేలమంది భారతీయులు దాటి వెళ్లి ఆట చూసి వచ్చారు. విభజన మంటలు చల్లారి ఎనిమిదేళ్లు కూడా కాలేదప్పటికి. మైదానంలో బిగుసుకుపోయి ఆడారు, గ్యాలరీల్లో జనం మాత్రం కలిసిపోయారు.

భయం ఎవరి నెత్తిన పడిందో చూడాలంటే అబ్బాస్ అలీ బేగ్ కథ చెప్పుకోవాలి. హైదరాబాద్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు చదువుకోవడానికి వెళ్లిన కుర్రాడు, 1959లో మాంచెస్టర్‌లో తన తొలి టెస్టులోనే సెంచరీ కొట్టాడు. మరుసటి జనవరిలో బొంబాయిలో ఆస్ట్రేలియా మీద ఆడుతుంటే ఒక అమ్మాయి మైదానంలోకి పరిగెత్తుకొచ్చి ముద్దు పెట్టింది. అంతటి హీరో. అదే ఏడాది డిసెంబర్‌లో మొదలైన పాకిస్తాన్ సిరీస్‌లో ఒక్క ఇన్నింగ్స్‌లోనూ 20 దాటలేదు. ముస్లిం కాబట్టి కావాలనే అవుటయ్యాడని ఉత్తరాలు వచ్చిపడ్డాయి. జట్టులో చోటు పోయింది, తిరిగి రావడానికి ఆరేళ్లు పట్టింది. ఆ సిరీస్‌లో విఫలమైన బ్యాట్స్‌మన్ అతనొక్కడే కాదు. దేశభక్తి పరీక్ష రాయాల్సి వచ్చింది మాత్రం అతనొక్కడే. ఇది అక్కడితో ఆగిందా అంటే, లేదు. 2021లో దుబాయ్‌లో పది వికెట్ల తేడాతో ఓడినప్పుడు సోషల్ మీడియా మహ్మద్ షమీని పట్టుకుంది. ఉత్తరాల బదులు కామెంట్లు, అంతే.

1961లోనే ఇంకో హైదరాబాదీ కథ మొదలైంది. గులాం అహ్మద్ మేనల్లుడు, హైదరాబాద్‌కు రంజీ ఆడిన ఆసిఫ్ ఇక్బాల్ ఆ ఏడాది పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1979-80లో పాకిస్తాన్ కెప్టెన్‌గా తిరిగొచ్చాడు, తన ఆఖరి టెస్ట్ కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆడాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1961 తర్వాత పదిహేడేళ్లు ఏమీ లేదు. 1965, 1971 యుద్ధాలు మధ్యలో వచ్చాయి. విచిత్రం ఏమిటంటే, 1971 డిసెంబర్‌లో యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే ఆస్ట్రేలియాలో పర్యటిస్తున్న రెస్ట్ ఆఫ్ ది వరల్డ్ జట్టులో గవాస్కర్, బేడీ, ఫరూఖ్ ఇంజనీర్ ఒకవైపు, ఇంతిఖాబ్ ఆలమ్, జహీర్ అబ్బాస్, ఆసిఫ్ మసూద్ మరోవైపు ఒకే జట్టుకు కలిసి ఆడారు. ఆటగాళ్లకు అభ్యంతరం లేదు. ఆట ఆగింది ఢిల్లీ, ఇస్లామాబాద్‌లలో. తిరిగి మొదలైందీ అక్కడే: 1978లో ఇక్కడ మొరార్జీ ప్రభుత్వం, విదేశాంగ మంత్రిగా వాజ్‌పేయి, అక్కడ జనరల్ జియా. సంబంధాలు మెరుగుపడ్డాయని లోకానికి చూపించడానికి క్రికెట్ జట్టును పంపడం కన్నా చౌకైన మార్గం ఇంకోటి లేదని రెండు ప్రభుత్వాలకూ అర్థమైంది.

ఆ పర్యటనలో జహీర్, మియాందాద్ కొట్టిన దెబ్బకు బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకట్రాఘవన్‌ల మన స్పిన్ చతుష్టయం శకం ముగిసింది. ఫైసలాబాద్‌లో కపిల్‌దేవ్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు తొలి టెస్ట్ ఆడాడు. సాహివాల్ వన్డేలో 14 బంతుల్లో 23 పరుగులు కావాలి, ఎనిమిది వికెట్లు చేతిలో ఉన్నాయి. సర్ఫరాజ్ నవాజ్ అందనంత ఎత్తున వరుసగా బౌన్సర్లు వేస్తుంటే అంపైర్లు వైడ్ ఇవ్వలేదు. కెప్టెన్ బేడీ విసిగిపోయి బ్యాట్స్‌మెన్‌ను వెనక్కి పిలిచి మ్యాచ్ వదిలేశాడు. స్థానిక అంపైర్ల మీద ఈ అనుమానం ఇరువైపులా ఉండేది. 1989లో పాకిస్తాన్ తటస్థ అంపైర్లను పెట్టించడానికి ఇలాంటి గొడవలే కారణం.

ఎనభైల్లో ఆట మూడో చోటికి వెళ్లింది. షార్జా. అబ్దుల్ రహ్మాన్ బుఖాతిర్ అనే వ్యాపారవేత్త డబ్బు, మన ఆసిఫ్ ఇక్బాల్ నిర్వహణ. రెండు దేశాల నుంచీ గల్ఫ్‌కు పనికి పోయిన జనం గ్యాలరీలు నింపేవారు, దూరదర్శన్‌లో మనమంతా చూసేవాళ్లం. అక్కడే 1986 ఏప్రిల్ 18న ఆస్ట్రల్-ఏషియా కప్ ఫైనల్. పాకిస్తాన్‌కు 246 కావాలి. చివరి ఓవర్ ఐదో బంతికి, ఆఖరి ఆటగాడు తౌసీఫ్ అహ్మద్ బంతిని అలా తోసి పరుగు తీశాడు. అజారుద్దీన్ విసిరిన బంతి వికెట్లకు తగిలి ఉంటే ఆట అక్కడే అయిపోయేది. తగల్లేదు. చివరి బంతికి నాలుగు కావాలి, ఎదురుగా మియాందాద్. చేతన్ శర్మ యార్కర్ వేయబోయాడు, అది ఫుల్‌టాస్ అయింది. తర్వాత జరిగింది మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ చెబుతారు.

మియాందాద్ కొట్టిన ఆ ఒక్క సిక్స్ వల్ల పదేళ్లు గెలవలేకపోయారని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. షార్జాలో ఆడిన 24 వన్డేల్లో 18 పాకిస్తాన్ గెలిచిన మాట నిజమే. కానీ దానికి కారణం చేతన్ శర్మ కాదు. ఇమ్రాన్ తర్వాత వసీమ్, వసీమ్ తర్వాత వకార్, మధ్యలో స్పిన్నర్ అబ్దుల్ ఖాదిర్. ఆ స్థాయి బౌలర్లు అప్పుడు మనకు లేరు. 1982-83లో ఒక్క ఇమ్రాన్ ఖానే ఆరు టెస్టుల్లో 40 వికెట్లు తీస్తే, అది ఏ సిక్స్ తాలూకు శాపమూ కాదు కదా.

ఎనభైల్లో రాజకీయం, ఆట ఎంత దగ్గరగా నడిచాయో చెప్పడానికి రెండు తేదీలు చాలు. 1984 అక్టోబర్ 31న సియాల్‌కోట్‌లో వన్డే. వెంగ్‌సర్కార్ 94 మీద ఉండగా మన ఇన్నింగ్స్ ముగిసింది. ఇందిరాగాంధీ హత్య వార్త వచ్చింది, మ్యాచ్ అక్కడే ఆగింది, పర్యటన రద్దయింది. 1987 ఫిబ్రవరిలో రాజస్థాన్ సరిహద్దులో మన సైన్యం బ్రాస్‌టాక్స్ విన్యాసాలతో యుద్ధం వస్తుందేమోనన్న వాతావరణం. అప్పుడు జనరల్ జియా టెస్ట్ మ్యాచ్ చూస్తానంటూ జైపూర్‌లో దిగాడు. క్రికెట్ దౌత్యం అన్న మాట పత్రికల్లో స్థిరపడింది అప్పుడే.

అదే పర్యటనలో మార్చి 20న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో వన్డే. మనవాళ్లు 44 ఓవర్లలో ఆరు వికెట్లకు 212. పాకిస్తాన్‌కు చివరి బంతికి రెండు పరుగులు కావాలి. ఖాదిర్ ఒకటి తీసి రెండోదానికి పరిగెత్తి రనౌటయ్యాడు. స్కోర్లు సమానం. అప్పట్లో సూపర్ ఓవర్లు ఎక్కడివి? తక్కువ వికెట్లు పోగొట్టుకున్న జట్టుదే గెలుపు. వాళ్లవి ఏడు పోయాయి, మనవి ఆరు. ఆ రెండో పరుగుకు వెళ్లకుండా ఉంటే వికెట్లు కూడా సమానమయ్యేవి! ఆ ఏడాది చివర్లో రెండు దేశాలూ కలిసి ప్రపంచకప్ నిర్వహించాయి. ఇంగ్లండ్ దాటి ప్రపంచకప్ బయటికి రావడం అదే మొదటిసారి. రెండు జట్లూ సెమీఫైనల్లోనే ఓడి ఈడెన్ గార్డెన్స్ ఫైనల్‌ను ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌లకు వదిలేశాయన్నది వేరే సంగతి.

తొంభైల్లో ఇంకో శక్తి రంగంలోకి దిగింది. ప్రభుత్వాలు ఆడమన్నా ఆడనివ్వనివాళ్లు. 1991లో శివసేన కార్యకర్తలు వాంఖడే పిచ్ తవ్వేశారు, పాకిస్తాన్ పర్యటన రద్దయింది. 1999 జనవరిలో కోట్లా పిచ్ తవ్వారు. ఈసారి మాత్రం పర్యటన ఆగలేదు, ఢిల్లీ టెస్టును వెనక్కి జరిపి చెన్నైతో మొదలుపెట్టారు. ఆ చెన్నై టెస్టులో 271 లక్ష్యం. వెన్నునొప్పితో సచిన్ 136 కొట్టి అవుటయ్యేసరికి ఇంకా 17 పరుగులు కావాలి, మూడు వికెట్లున్నాయి. ఆ మూడూ నాలుగు పరుగులకే పోయాయి. 12 పరుగుల ఓటమి. వసీమ్ అక్రమ్ జట్టు మైదానం చుట్టూ తిరుగుతుంటే చెపాక్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొద్ది రోజులకే కోట్లాలో కుంబ్లే ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లూ తీశాడు. ఇంకొన్ని రోజులకు ఈడెన్‌లో షోయబ్ అఖ్తర్‌ను ఢీకొని సచిన్ రనౌట్ కావడంతో గొడవ మొదలై, చివరి రోజు ప్రేక్షకులను ఖాళీ చేయించి మ్యాచ్ ముగించారు. జనం అంటే ఒకే జనం కాదని ఒక్క నెలలోనే తేలిపోయింది.

అంతకు ముందు 1996లో జరిగినదాన్ని ఇవాళ నమ్మడం కష్టం. కొలంబోలో బాంబు పేలడంతో ఆస్ట్రేలియా, వెస్టిండీస్ అక్కడ ప్రపంచకప్ మ్యాచ్‌లు ఆడబోమన్నాయి. శ్రీలంకకు ధైర్యం చెప్పడానికి భారత్, పాకిస్తాన్ ఆటగాళ్లు ఒకే జట్టుగా కొలంబో వెళ్లి మ్యాచ్ ఆడారు. కెప్టెన్ అజారుద్దీన్. కలువితరణ అవుటైన తీరు స్కోరుబోర్డులో ఇలా ఉంది: క్యాచ్ టెండూల్కర్, బౌలర్ వసీమ్ అక్రమ్.

కార్గిల్ తర్వాత మళ్లీ విరామం, 2004లో మళ్లీ వాజ్‌పేయి. ఈసారి ప్రధాని హోదాలో. ఆటే కాదు, మనసులూ గెలిచి రండి అని జట్టును పంపారు. వేలమంది భారతీయులకు పాకిస్తాన్ వీసాలిచ్చింది. కరాచీ వన్డేలో మనవాళ్లు 349 కొడితే వాళ్లు 344 దాకా వచ్చి ఆగారు, ఓడిన ఊరి జనం లేచి చప్పట్లు కొట్టారు. సిరీస్ తేల్చే లాహోర్ వన్డేలో మన లక్ష్మణ్ 107. ముల్తాన్‌లో సెహ్వాగ్ 309, పాకిస్తాన్ గడ్డ మీద మన తొలి టెస్ట్ విజయం, తర్వాత తొలి టెస్ట్ సిరీస్ కూడా. మరుసటి ఏడాది వాళ్లు వచ్చారు. విశాఖలో ఏప్రిల్ 5న జులపాల జుట్టు ధోనీ 148 కొట్టి రాత్రికి రాత్రి స్టార్ అయ్యాడు. 2004 నుంచి 2007 దాకా నాలుగేళ్లలో నాలుగు టెస్ట్ సిరీస్‌లు. ఈ పోటీకి అది నిజమైన స్వర్ణయుగం అంటాను. గెలుపోటములు అటూ ఇటూ మారుతుండేవి, మాటిమాటికీ ఆడుతుండడంతో ఒక్కో మ్యాచ్ మీద ప్రాణాలు పెట్టుకునే పరిస్థితి తగ్గింది.

2007 డిసెంబర్‌లో బెంగళూరు టెస్ట్ డ్రాగా ముగిసింది. రెండు దేశాల మధ్య అదే ఆఖరి టెస్ట్ అవుతుందని ఆ రోజు ఎవరూ అనుకోలేదు.

2008 నవంబర్ 26న ముంబై దాడులు. 2009 ఆరంభంలో జరగాల్సిన మన పాకిస్తాన్ పర్యటనను ప్రభుత్వం రద్దు చేసింది. ఖాళీ అయిన ఆ తేదీల్లో శ్రీలంక వెళ్లింది, మార్చి 3న లాహోర్‌లో వాళ్ల బస్సు మీద ఉగ్రవాదులు కాల్పులు జరిపారు. ఆ తర్వాత పదేళ్లకు పైగా, 2019 డిసెంబర్ దాకా, పాకిస్తాన్‌లో ఒక్క టెస్ట్ జరగలేదు. ఐపీఎల్ తలుపులూ మూసుకున్నాయి. 2008 మొదటి సీజన్‌లో సొహైల్ తన్వీర్ అత్యధిక వికెట్ల వీరుడు, షాహిద్ అఫ్రిదీ మన డెక్కన్ చార్జర్స్ ఆటగాడు. తర్వాత అజహర్ మహమూద్ ఆడాడు గానీ, బ్రిటిష్ పాస్‌పోర్ట్ మీద. సొంత గడ్డ మీద ఆట లేదు, లోకంలోకెల్లా డబ్బున్న లీగ్‌లో చోటు లేదు. అటు మన బోర్డుకు, మన కుర్రాళ్లకు ఐపీఎల్‌తో వచ్చిన బలం ఏటా పెరిగింది. టెస్టుల్లో 12-9తో, వన్డేల్లో 73-58తో మొత్తం లెక్క ఇప్పటికీ పాకిస్తాన్ వైపే మొగ్గు చూపడం, ఈమధ్య ఏకపక్షంగా మనమే గెలుస్తుండడం, రెండూ ఒకేసారి నిజం కావడానికి కారణం ఇదే. ఆ పాత ఆధిక్యం వసీమ్, వకార్‌ల కాలంలో పోగైనది.

2012-13లో చిన్న వన్డే, టీ20 సిరీస్ కోసం పాకిస్తాన్ ఇక్కడికి వచ్చింది. ద్వైపాక్షిక క్రికెట్‌లో అదే చివరిది. 2014లో ఆరు సిరీస్‌లు ఆడుకుందామని బోర్డులు ఒప్పంద పత్రం రాసుకున్నా ఒక్కటీ జరగలేదు. పాకిస్తాన్ బోర్డు సుమారు 7 కోట్ల డాలర్ల నష్టపరిహారం కోరుతూ ఐసీసీ దగ్గరికి వెళ్లింది, 2018లో ఆ దావా కొట్టేశారు. ప్రభుత్వం అనుమతించనిదే బోర్డు జట్టును పంపలేదన్నది మన వాదన.

ఇక్కడే డబ్బు సంగతి చెప్పాలి. సిరీస్‌లు పోయాయి, డిమాండ్ పోలేదు. పైగా పెరిగింది. ఆ డిమాండ్‌ను ఐసీసీ తన ఖాతాలో వేసుకుంది. 2013 చాంపియన్స్ ట్రోఫీ నుంచి పురుషుల పెద్ద టోర్నీలన్నిటిలో ఈ రెండు జట్లూ ముందే ఒకరితో ఒకరు ఆడేలా షెడ్యూల్ ఉంటోంది. అలా ఉండాలనే చూస్తామని ఐసీసీ సీఈఓగా ఉన్నప్పుడు డేవ్ రిచర్డ్‌సన్ దాచకుండా ఒప్పుకున్నాడు. ప్రసార హక్కుల ధర చాలావరకు ఆ ఒక్క మ్యాచ్ మీద నిలబడుతుంది. ఏడాదికొకసారి, న్యూట్రల్ మైదానంలో, కొండెక్కిన టికెట్లతో ఆడే ఆటలో ఓడినవాడికి వారం తర్వాత సరిచేసుకునే చాన్స్ ఉండదు. అందుకే ఇంత విషం. మన ప్రభుత్వం 2025 ఆగస్టులో ప్రకటించిన విధానం కూడా ఈ అమరికకు సరిగ్గా అతికింది: పాకిస్తాన్‌తో ద్వైపాక్షిక పోటీలు ఉండవు, పలు దేశాలు ఆడే టోర్నీలకు అడ్డు చెప్పం. పహల్గామ్ దాడి, ఆపరేషన్ సిందూర్ జరిగిన నాలుగైదు నెలలకే ఆసియా కప్‌లో ఆడింది ఈ లెక్క మీదే. ఆడకుండా ఉండలేరు, ఆడామని ఒప్పుకోనూ లేరు. చేతులు కలపకపోవడం ఆ ఇరకాటంలోంచి పుట్టింది. ఉగ్రవాదానికి బలైన కుటుంబాల బాధ నిజం, వాళ్లు వద్దనడంలో న్యాయం ఉంది. కానీ ప్రకటనల డబ్బు తీసుకుని, చేయి మాత్రం వెనక్కి తీసుకోవడాన్ని నిరసన అనడానికి నాకు నోరు రావడం లేదు.

న్యూట్రల్ వేదిక ఇప్పుడు రాతపూర్వక నియమం. 2027 దాకా ఐసీసీ టోర్నీలు ఎవరి దేశంలో జరిగినా, ఈ రెండు జట్ల మ్యాచ్ మూడో దేశంలోనే అని 2024 డిసెంబర్‌లో ఒప్పందం కుదిరింది. 2025 చాంపియన్స్ ట్రోఫీకి పాకిస్తాన్ ఆతిథ్యం, మన మ్యాచ్‌లు, ఫైనల్‌తో సహా, దుబాయ్‌లో. అదే ఏడాది మహిళల ప్రపంచకప్ మన దగ్గర, పాకిస్తాన్ మ్యాచ్‌లు కొలంబోలో. అంతకు రెండేళ్ల ముందే, 2023 ప్రపంచకప్‌కు బాబర్ జట్టు హైదరాబాద్‌లో రెండు వారాలు ఉంది. ఉప్పల్‌లో శ్రీలంక మీద 345 ఛేదించి ప్రపంచకప్ రికార్డు కొట్టినప్పుడు మన జనమే కేకలు వేసి ప్రోత్సహించారు.

ఇక టెస్టులు. 2019లో మొదలైన ప్రపంచ టెస్ట్ చాంపియన్‌షిప్‌లో తొమ్మిది జట్లున్నా ఒక్కో జట్టు ఆరింటితోనే ఆడుతుంది. ఆ అమరికలో భారత్-పాకిస్తాన్ జోడీ ప్రతిసారీ పక్కన ఉండిపోతుంది. 123 టెస్టులాడి రిటైరైన కోహ్లీ పాకిస్తాన్ మీద ఒక్కటీ ఆడలేదు. రోహిత్, అశ్విన్‌లూ అంతే. అటు బాబర్, షాహీన్‌లకూ మన మీద టెస్ట్ అనుభవం లేదు. ప్రస్తుత నిబంధనల్లో మిగిలిన దారి ఒక్కటే, రెండు జట్లూ ఒకేసారి ఫైనల్ చేరడం. పాకిస్తాన్ ఇంతవరకూ ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు, 2027, 2029, 2031 ఫైనల్స్ వేదికగా ఐసీసీ ఇంగ్లండ్‌ను ఖరారు చేసింది. కనుక ఈ రెండు జట్ల మధ్య అరవయ్యో టెస్ట్ అంటూ జరిగితే, ముందుగా బ్రిటిష్ వీసా తీసుకోవాలి.